మూడో మెట్టు మీద ఎవరు

చిట్టికి యాభై మూడేళ్ళు. ఆమెను ఇంకా చిట్టీ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది. ఆవిడ అక్క. ఆ అక్కే ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, "తొమ్మిదింటికల్లా గడియారం స్తంభం దగ్గరుండు. మంచినీళ్ళు తెచ్చుకో. గొడుగు కూడా తెచ్చుకో. ఎందుకని అడక్కు," అని పెట్టేసింది.

అక్క ముప్ఫై రెండేళ్ళపాటు రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో చెప్పిన మనిషి. ఆవిడ రిటైరై ఏడాది దాటింది గానీ ఆ గొంతు రిటైర్ కాలేదు. ఆవిడ ఒక మాట అన్నాక రెండోసారి అడగడానికి ఎదుటివాళ్ళకు నోరు రాదు. చిట్టికి అసలే రాదు.

గడియారం స్తంభం దగ్గరికి వెళ్ళాక సంగతి తెలిసింది. సినిమాలూ సీరియళ్ళూ తీసిన చోట్లన్నీ తిప్పి చూపించే బస్సుకి అక్క కూతురు రెండు టిక్కెట్లు కొనుక్కుంది. తీరా వెళ్దామనుకునే వేళకి మొగుడికి జ్వరం వచ్చింది. పారేయడం ఎందుకని టిక్కెట్లు తల్లికి అంటగట్టింది.

"నేను సినిమాలే చూడను కదక్కా," అంది చిట్టి.

"చూడకపోతే ఏం? చూసినవాళ్ళ మొహాలు చూద్దువుగాని. ఎక్కు."

ఎక్కింది. కిటికీ పక్క సీటు అక్కే తీసుకుంది.

చిట్టి చేసేది పళ్ళు. డాక్టర్లు పంపించే దవడ అచ్చులు ముందు పెట్టుకుని, మైనం మీద పంటి వరస పేర్చి, కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో ఇరవై ఏడేళ్ళుగా పనిచేస్తోంది. వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా ఆమె వేలికొసకి తెలిసిపోతుంది. ఆ పనిలో అనుమానాలకు చోటు లేదు. ముందు పన్ను ముందు పన్నే, దవడ పన్ను దవడ పన్నే. రెండోది మొదటిదానిలా నటించదు. అలాంటి మనిషికి ఈ బస్సు మొదటి మజిలీ దగ్గరే తల తిరగడం మొదలైంది.

మొదటి మజిలీ ఒక వంతెన. గైడు యాభై దాటిన మనిషి, మెడలో చిన్న మైకు, చేతిలో పలక లాంటి ట్యాబ్. ఒకప్పుడు సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేసేవాడట. వంతెన మధ్యకు తీసుకెళ్ళి రెయిలింగ్ మీద చెయ్యి వేసి, "హీరో దూకింది సరిగ్గా ఇక్కణ్ణుంచే," అన్నాడు.

చిట్టి వంగి చూసింది. కింద నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. "ఇందులో దూకితే కాళ్ళు విరగవూ?"

"దూకడం ఇక్కడమ్మా. పడ్డం ఇక్కడ కాదు. ఆ నది వేరే. ఒడ్డుకు చేరడం మూడో చోట, స్టూడియోలో తొట్టి కట్టి తీశారు."

"ఒక్క మనిషి మూడు చోట్ల ఎలా మునిగాడండీ?"

"మునిగింది హీరో కాదమ్మా, డూపు. వంతెన మీద గుంపులో వెనక నుంచి మూడో తల నాది. అది మాత్రం అసలైనదే," అని ట్యాబ్‌లో బొమ్మ పెద్దది చేసి చూపించాడు. చూస్తే అక్కడ ఒక నల్లటి చుక్క ఉంది.

రెండోది కోర్టు. పదేళ్ళు ఎన్నో సినిమాల్లో ఎందరికో ఉరిశిక్షలు పడిన కోర్టు. బోర్డు చూస్తే గ్రంథాలయం. న్యాయమూర్తి కూర్చునే చోట పాత పేపర్లు కట్టలు కట్టి పెట్టారు. మూడోది ఆస్పత్రి. తెల్లటి పెద్ద తలుపు, పైన ఎర్రటి అక్షరాలు. గైడు ఆ తలుపు తోసి చూపిస్తే లోపల పైకప్పు దాకా పరుపుల దొంతరలు. పరుపుల గోడౌన్ అది. ఆస్పత్రి లోపలి భాగం వేరే వీధిలో ఉన్న బడిలో తీశారట. ఆ బడి బయటి భాగం పోలీస్ స్టేషన్‌గా పనికొచ్చిందట.

చిట్టి ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకోవాలని చూసింది. ఏదీ దాని గాడిలో కూర్చోలేదు.

ఆ తెల్ల తలుపు ముందు నిలబడి, తోటి ప్రయాణికురాలు ఒకావిడ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. మందుల షాపు నడుపుతుందని బస్సులో పరిచయం చేసుకున్నావిడ.

"ఈ గుమ్మంలోనే పోయాడండీ," అంది చిట్టితో, గద్గదంగా. "పాతికేళ్ళు కూడా లేవు. పెళ్ళి వారం ఉందనగా."

చిట్టి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అయ్యో. మీ అబ్బాయాండీ?"

ఆవిడ వింతగా చూసింది. "మా అబ్బాయేంటండీ! సీరియల్లో చిన్నకొడుకు. మెట్ల ఇల్లు సీరియల్. మీరు చూడలేదూ?"

చిట్టి చెయ్యి వదిలేసింది. వెనక నుంచి అక్క, "మా చెల్లెలికి అన్నీ ఆలస్యంగా తెలుస్తాయిలెండి," అంది.

బస్సెక్కాక చిట్టి అక్క చెవిలో, "వీళ్ళంతా ఎవరి కోసం ఏడుస్తున్నారో నాకు అంతుపట్టడం లేదక్కా," అంది.

"నువ్వు అంతు పట్టించుకోకు. గాలి తగుల్తోందిగా, కూర్చో."

నాలుగో మజిలీ ఆ మెట్ల ఇల్లే. సీరియల్‌కి అసలు పేరు వేరే ఉన్నా తొమ్మిదేళ్ళు జనం ఇలాగే పిలిచారట. బస్సులో సగం మంది దాని కోసమే వచ్చారు. సన్నటి వీధి చివర, నిమ్మపండు రంగు వేసిన రెండంతస్తుల ఇల్లు. ముందు వంపు తిరిగిన పెద్ద గేటు, దాని మీద ప్లాస్టిక్ తీగలు. "తీగలు మావే. గేటు సీరియల్ వాళ్ళది," అన్నాడు గైడు. లోపల ఒక పెద్దాయన కాపలా ఉన్నాడు. స్టూలు మీంచి లేచి అందరి టిక్కెట్లూ చూసి తలుపు తీశాడు.

బయటి నుంచి చూసినప్పుడు చిట్టికి ఏమీ అనిపించలేదు. లోపల అడుగుపెట్టి నాలుగడుగులు వేసేసరికి ఎదురుగా మెట్లు. ముదురు రంగు చెక్క మెట్లు పన్నెండో పదమూడో పైకి వెళ్ళి కుడివైపుకి తిరుగుతున్నాయి. ఆమె చెయ్యి తనంతట తనే కటకటాల మీదికి పోయింది. పై కొయ్య మీదికి కాదు. అంత ఎత్తు మనిషీ నడుం వంచి, మోకాళ్ళ దగ్గరుండే అడ్డ కొయ్యను పట్టుకుంది, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు. ఆ కొయ్య అడుగున చిన్న గరుకు వేలికి తగిలింది. ఆ గరుకు అక్కడ ఉంటుందని వేలికి ముందే తెలుసు.

"అక్కా. మనం ఇక్కడున్నాం."

"ఉన్నాంగా. ఇంకో పావుగంట ఉంటాం."

"అది కాదు. ఇక్కడ కాపురం ఉన్నాం. నాన్న ఉన్నప్పుడు. పైన గదుల్లో."

అక్క చుట్టూ చూసింది. నేల మీద పాలరాయిలా మెరిసే పలకలు, గోడలకు పువ్వుల కాగితం, పైన గాజు దీపాల గుత్తి. "పిచ్చి పట్టిందా నీకు? ఆ ఇల్లు కూల్చేశారు. అమ్మ చెప్పింది. ఆ వీధి ఇంత సన్నగా ఉండేది కాదు. ఇల్లు సున్నం కొట్టిన ఇల్లు, గేటే లేదు. నాకు పన్నెండేళ్ళు అప్పటికి. నీకు ఆరు. ఎవరికి గుర్తుంటుంది?"

ఆవిడ ఆ గొంతుతో చెప్పేసరికి బండి ఆ ప్లాట్‌ఫాం మీదికి రాదన్నట్టే అయిపోయింది. చిట్టి ఇంకా ఏదో అనబోయింది గానీ గైడు చప్పట్లు కొట్టాడు.

"అమ్మా, బాబూ, అందరూ ఇటు రండి. ఇదిగో ఈ మూడో మెట్టు. ఎవరూ తొక్కకండి, ముందు ఫొటోలు తీసుకోండి. ఈ మెట్టు మీదే తండ్రి కూర్చుని కూతురికి బూట్లు తొడుగుతాడు. గుర్తుందా? రెండొందలో ఎపిసోడు!"

"నూట తొంభై ఎనిమిది," అంది మందుల షాపావిడ.

గైడు ట్యాబ్ ఎత్తి పట్టుకున్నాడు. చిన్న తెర మీద ఇవే మెట్లు. మూడో మెట్టు మీద ఒకాయన కూర్చున్నాడు, తెల్లచొక్కా, చెంపలు కొంచెం నెరిసి. ఎదురుగా నేల మీద ఏడుస్తున్న చిన్నపిల్ల. ఆయన ఆ పిల్ల పాదం తన మోకాలి మీద పెట్టుకుని బూటు తాడు బిగిస్తూ, "ఏడవకు తల్లీ. నీ కాళ్ళు నొప్పెడితే నా కాళ్ళున్నాయిగా," అన్నాడు. పిల్లను ఎత్తుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. గుంపులో ఇద్దరు ముగ్గురు ఆ మాట ఆయనతోపాటే అన్నారు.

చిట్టి గోడకు ఆనుకుంది.

అందరూ ఫొటోలు దిగి గైడు వెనక పై అంతస్తుకి వెళ్ళారు. అక్క కూడా కదలబోతుంటే చిట్టి ఆవిడ కొంగు పట్టుకుంది.

"అది నాదక్కా."

"ఏది?"

"ఇప్పుడు చూపించాడే, అది. నాన్న ఈ మెట్టు మీద కూర్చుని నాకు బూట్లు కట్టాడు. ఖాకీ కోటు వేసుకుని ఉన్నాడు. బూటు తాడు రెండు ముళ్ళు వేశాడు. నా కాళ్ళున్నాయిగా అన్నాడు. నాన్నది నాకు గుర్తున్నది అదొక్కటే. ఇంకేం లేదు."

అక్క కొంగు విడిపించుకోలేదు. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదేం?"

"చెప్తే అరిగిపోతుందనుకున్నా."

వాళ్ళ నాన్న నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగి. ఇంటింటికీ తిరిగి అంకెలు రాసుకునేవాడు. దానికి ఖాకీ కోటు ఇచ్చారు. చిట్టికి ఆరేళ్ళప్పుడు ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో చేరి రెండు నెలలకు పోయాడు. తర్వాత తల్లి పిల్లలిద్దరినీ తీసుకుని మేనమామ ఇంటికి చేరింది. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటే ఉండేది. అదీ గుంపులో, ఎండకు కళ్ళు చికిలించి.

అక్క చంటిపిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "చూడు చిట్టీ. మీ ల్యాబ్‌లో గోడకి టీవీ ఉంది. నేను వచ్చినప్పుడల్లా అది వాగుతూనే ఉంటుంది. నువ్వు దానికి వీపు పెట్టి కూర్చుంటావు. తొమ్మిదేళ్ళు నీ వీపు వెనక ఈ సీరియల్ నడిచింది. చెవిలో పడింది. ఎప్పుడో నీళ్ళు తాగడానికి లేచినప్పుడు కంట్లో పడింది. లోపలికి పోయి నాన్నయింది."

"నాకు చిన్నప్పట్నుంచీ గుర్తు!"

"ఎవరికి చెప్పావు చిన్నప్పుడు?"

చిట్టి ఎవరికీ చెప్పలేదు. దాచుకుంది. అంత భద్రంగా దాచుకుంది కాబట్టే దానికిప్పుడు ఒక్క సాక్షి కూడా లేడు. కళ్ళు మూసుకుని ఆ మెట్టును తలుచుకుంది. ఖాకీ కోటు ఉంది. ముళ్ళు వేస్తున్న వేళ్ళు ఉన్నాయి. మొహం చూద్దామని తలెత్తితే ట్యాబ్‌లోని ఆయన, చెంపలు నెరిసిన నటుడు, కనిపించాడు. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. పావుగంట కిందటి వరకు అక్కడ ఎవరి మొహం ఉండేది? ఏదో ఒకటి ఉండే ఉండాలి. అసలు ఉండేదా? ఎంత ఆలోచించినా తేలలేదు. చెడిపోయిన అచ్చులో మైనం పోస్తున్నట్టు, ఎన్నిసార్లు పోసినా అదే తప్పు మొహం వచ్చింది.

"ఒక్కటి చూపిస్తా," అంది హఠాత్తుగా. "మెట్ల కింద చిన్న అర ఉంటుంది. అందులో మన సామాన్లు పెట్టుకునేవాళ్ళం. లోపల ఒక బుల్లి కిటికీ ఉంటుంది, పక్కింటి గోడవైపుకి. సీరియల్లో అది చూపించి ఉండరు. ఉంటే మనం ఇక్కడున్నట్టే. లేకపోతే నువ్వన్నట్టే."

కాపలా పెద్దాయనను అడిగారు. "అర ఉందమ్మా, చీపుర్లు పెట్టుకుంటాం," అని ఆయన పువ్వుల కాగితం అంటించిన ఒక పలకను గోళ్ళతో పట్టి లాగాడు. అది తలుపని చెబితే తప్ప తెలీదు. చిట్టి అక్క భుజం గట్టిగా నొక్కింది.

లోపల చీకటి. బకెట్లు, చీపుర్లు, రంగు డబ్బాలు. చిట్టి తల దూర్చి చూసింది. మూడు వైపులా గోడ. చెయ్యి పెట్టి తడిమింది. కిటికీ లేదు. మూసేసిన గుర్తు కూడా లేదు.

"ఇక్కడ కిటికీ ఉండేది కదండీ? ఎప్పుడు మూసేశారు?"

"ఇది పాత గోడేనమ్మా. దీన్నెవరూ ముట్టుకోలేదు. హాల్లో పలకలు, రంగులు, దీపాలు వాళ్ళవి. మెట్లూ ఈ అరా మొదట్నుంచీ ఉన్నవే. కిటికీ ఎన్నడూ లేదు."

చిట్టి బయటికి వచ్చి చేతికంటిన దుమ్ము చూసుకుంటూ నిలబడింది. అర ఉంది, కిటికీ లేదు. వేలికి గరుకు తెలుసు, కంటికి మొహం తెలీదు. సగం కుదిరి సగం కుదరనిదాన్ని ఏమనాలో ఆమెకు తోచలేదు. ల్యాబ్‌లోనైతే మొత్తం తీసి పారేసి మళ్ళీ మొదలుపెడతారు.

"పోనీలే అక్కా. నువ్వన్నదే నిజం. పద, పైకి వెళ్దాం."

అక్క కదల్లేదు. ఫోన్‌లో లైటు వేసుకుని అరలోకి వంగి, అలాగే ఉండిపోయింది. కాసేపటికి మోకాళ్ళ మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో పీట కూడా ఎక్కని మనిషి, ఒక బకెట్టును పక్కకు నెట్టి లోపలికి పాకినంత పని చేసింది.

"అక్కా?"

"ఇక్కడ కొత్త పలకలు వెయ్యలేదు," అంది అక్క లోపల్నుంచి. ఆ గొంతు అక్కది కానట్టుంది. "పాత చెక్క నేలే ఉంచేశారు."

చిట్టి పక్కన కూలబడి చూసింది. లైటు వెలుగులో చెక్క మీద నల్లటి మచ్చ. ఒక వైపు సన్నగా, ఒక వైపు వెడల్పుగా, పడవ ఆకారంలో. దాని చుట్టూ కత్తితో గీకిన గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

"ఇస్త్రీపెట్టె," అంది అక్క. "మనకు బల్ల ఉండేది కాదు. ఇక్కడే దుప్పటి పరిచి ఇస్త్రీ చేసేదాన్ని. నువ్వు పైన గదిలో ఏదో మీద పడేసుకుని గుక్కపట్టి ఏడిస్తే, పెట్టె ఇక్కడే వదిలేసి పరిగెత్తా. వచ్చేసరికి దుప్పటి, నేల రెండూ కాలిపోయాయి. అమ్మకి తెలిస్తే చంపేస్తుందని కూరల కత్తితో గీకా. పోలేదు. గోనెపట్టా కప్పా." అరచేతిని ఆ మచ్చ మీద పెట్టింది. "కిటికీ లేదు. ఉంటే నాకింత ఉక్కపోసేది కాదు. కానీ ఇది నాదేనే. ఇది నా చేతి పనే."

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచారు. పైన గైడు మైకులో ఏదో చెబుతున్నాడు, నవ్వులు వినిపిస్తున్నాయి. కాపలా పెద్దాయన వీళ్ళిద్దరినీ ఒకసారి చూసి, ఏమనుకున్నాడో, తన స్టూలు దగ్గరికి వెళ్ళిపోయాడు.

"అయితే ఉన్నాం," అంది చిట్టి. ఊపిరి అందనంత సంతోషం వచ్చింది. "ఉన్నాం కదా! అయితే నాన్న కూడా..."

అక్క వెళ్ళి మూడో మెట్టు మీద కూర్చుంది. తొక్కవద్దన్నారన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

"కోటు నిజమే. రెండు ముళ్ళూ నిజమే," అంది. "నాన్న కాదే చిట్టీ. అది నేను."

చిట్టికి అర్థం కాలేదు.

"మనం ఈ ఇంట్లో దిగిన వారానికే నాన్న ఆస్పత్రిలో చేరాడు. ఈ మెట్లు ఆయన ఎక్కిందే తక్కువ. అమ్మ బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి ఆరింటికే పోయేది. నిన్ను బడికి తయారుచెయ్యడం నా వంతు. చలి. నాకు స్వెట్టర్ లేదు, నాన్న కోటు తొడుక్కునేదాన్ని. చేతులు మూడు మడతలు పెట్టినా వేళ్ళ మీదికి జారేవి. నీ బూట్లు నీకు బిగుతు. రోజూ ఇదే రాగం. రోజూ ఇక్కడే కూర్చుని తొడిగేదాన్ని."

"రెండు ముళ్ళు..."

"ఒక్క ముడి వేస్తే దార్లో ఊడదీసుకునేదానివి. మళ్ళీ నేనే వంగాలి."

"మరి... నా కాళ్ళున్నాయిగా అన్నది?"

"నేనెందుకంటాను అలాంటి మాటలు? పన్నెండేళ్ళ పిల్లని! నోరు ముయ్యకపోతే ఇక్కడే వదిలేసి పోతానన్నా."

"ఎత్తుకుని పైకి తీసుకెళ్ళావుగా?"

"బడి పైనుందా ఏంటే? రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయా."

చిట్టికి నవ్వొచ్చింది. నిజంగానే పొట్ట పట్టుకుని నవ్వింది. కోటు చేతుల్లోంచి వేళ్ళు మాత్రమే కనిపించడం ఆమెకు ఎప్పుడూ గుర్తే. అవి అంత చిన్న వేళ్ళని ఇప్పుడు తట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎక్కడో ఏదో జారిపోయింది. నవ్వు ఆగింది.

"మరి నాన్న ఏడక్కా?"

"చెప్పా కదే. ఆస్పత్రిలో."

"అది కాదు. నాకు. నా దగ్గరున్నది అదొక్కటే. అది నువ్వయితే, మరి నాన్న ఏడీ?"

చిట్టి అక్క పక్కనే రెండో మెట్టు మీద కూర్చుంది. కోపం రావాలో, అక్కను కావలించుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ తండ్రి మీద పెంచుకున్న ప్రేమ తప్పుడు చిరునామాకి వెళ్ళిందా, సరైన చిరునామాకే వెళ్ళి పేరు మాత్రం తప్పు రాసుకుందా? ఆలోచించిన కొద్దీ చిక్కుపడింది. ఇద్దరి కళ్ళూ తడిగానే ఉన్నాయి.

అంతలో మందుల షాపావిడ మెట్లు దిగి వచ్చింది, ఫొటో సరిగా రాలేదని మళ్ళీ తీసుకోవడానికి. వీళ్ళను చూసి ఆగింది. ఆవిడ మొహం కరిగిపోయింది.

"నాకూ ఇక్కడికొస్తే ఇంతేనండీ. ఆ తండ్రిని తలుచుకుంటే ఎవరికైనా ఆగదు."

"అవునండీ," అంది చిట్టి.

బస్సు కదిలింది. ఈసారి అక్క కిటికీ పక్క సీటు చిట్టికి వదిలింది. గైడు తర్వాతి మజిలీ గురించి చెబుతున్నాడు: బజారు, అందులో కార్ల ఛేజింగ్, పగిలిన కుండలన్నీ అట్టముక్కలట.

"నాన్న సాయంత్రం వచ్చేటప్పుడు నీకోసం బఠాణీలు తెచ్చేవాడు," అంది అక్క ఉన్నట్టుండి. వెంటనే తల అడ్డంగా ఊపింది. "కాదు. అది మావయ్య. మావయ్య ఇంటికొచ్చాక."

చిట్టి ఆమె వైపు తిరిగి కూర్చుంది.

"పొడుగ్గా ఉండేవాడు. ఉండేవాడా? గుమ్మంలో తల వంచేవాడు... ఏ గుమ్మంలో?" అక్క నుదురు రుద్దుకుంది. "నాకు అన్నీ గట్టిగా గుర్తున్నాయనుకున్నా. ఆ ఇల్లు కూల్చేశారని నలభై ఏడేళ్ళు చెప్పుకుంటూ తిరిగా. అమ్మ ఒక్కసారి అంది, అంతే. మనం మళ్ళీ అటు వెళ్దామని ఏడవకుండా అనుంటుంది. ఇప్పుడు ఏది ముట్టుకుంటే ఏది కదుల్తుందోనని భయంగా ఉంది. నాకు తెలీదే చిట్టీ."

నాకు తెలీదు అనే మాట ఆ నోట వినడం చిట్టికి ఇదే మొదటిసారి. స్టేషన్ మొత్తం మూగబోయినట్టనిపించింది. చెయ్యి చాచి అక్క చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"తెలిసిందే చెప్పు. చిన్నదైనా ఫర్వాలేదు."

బస్సు ఒక మలుపు తిరిగింది.

"దగ్గు," అంది అక్క చివరికి. "ఆ వారం రోజులూ మెట్లెక్కే ముందు కింద ఆగి రెండుసార్లు దగ్గేవాడు. జబ్బు దగ్గు కాదు. ఎవరో వస్తున్నారని మనం హడలిపోకుండా, నేనే వస్తున్నా అని చెప్పడానికి. ఆ దగ్గు వినపడగానే నువ్వు తలుపు దగ్గరికి పరిగెత్తేదానివి. ఇది మావయ్య కాదు. ఇది సీరియల్లోనూ లేదు కదా?"

"నేను చూడలేదుగా. నాకేం తెలుసు."

"లేదులే. ఉండదు."

"ఎలా దగ్గేవాడు?"

"ఎలా ఏంటి, దగ్గే."

"ఒకసారి దగ్గు."

"బస్సులోనా?"

"మెల్లగా."

అక్క అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని రెండుసార్లు దగ్గింది. వెనక సీట్లోంచి మందుల షాపావిడ చెయ్యి ముందుకు వచ్చింది, అందులో గొంతు బిళ్ళ. అక్క థాంక్సండీ అని తీసుకుని సంచిలో వేసుకుంది.

"ఇలాగేనా?" అంది చిట్టి.

"ఇంకొంచెం బొంగురు. రెండోది మొదటిదానికంటే పొట్టి." అక్క మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి కొంచెం గట్టిగానే వచ్చింది. గైడు మాట ఆపి ఇటు చూశాడు.

చిట్టి కళ్ళు మూసుకుంది. ఎక్కడో తలుపు, తలుపు వైపు పరుగు. పాదాల కింద చెక్క. అది తనకు గుర్తుకొస్తోందో, అక్క చెప్పింది కాబట్టి ఇప్పుడే తయారవుతోందో తెలియలేదు. రెండింటి మధ్య గీత ఎక్కడుందోనని వెతికింది. దొరకలేదు.

"ఇంకోసారి," అంది.

అక్క ఇంకోసారి దగ్గింది.